ఆటతో పాటు వచ్చిన పుస్తకాలు

మూడేళ్ల వయసులో జ్వరమొచ్చి సుజికి వినికిడి పోయింది. ఇప్పుడామెకు ముప్ఫై రెండేళ్లు. అనకాపల్లిలో ఒక డీటీపీ షాపులో పని. పెదాల కదలిక చూసి ఎదుటివాళ్ల మాట గ్రహిస్తుంది, జవాబు ఫోన్లో టైపు చేసి చూపిస్తుంది.

చిన్నప్పుడు వాళ్ల నాన్న ఎక్కడినుంచో ఒక పాత వీడియో గేమ్ మెషీన్ తెచ్చాడు. దాంతో తొమ్మిది ఆటలు, ఒక్కో డబ్బాలో ఎలా ఆడాలో చెప్పే ఒక్కో చిన్న పుస్తకం. అన్న ఇమ్మాన్యుయేల్ ఆ పుస్తకాలు ముట్టేవాడు కాదు. ఆటలో చెప్పే మాటలు వింటే చాలనుకునేవాడు. సుజి మాత్రం డిక్షనరీ పక్కన పెట్టుకుని ఇంగ్లీషు పేజీలన్నీ చదివింది. అంచుల్లో పెన్సిలుతో తెలుగు అర్థాలు రాసుకుంది. ఏ బటన్లు కలిపి నొక్కితే ఏ దెబ్బ పడుతుందో ఆమెకు కంఠతా వచ్చు. అన్న ప్రతిసారీ ఓడిపోయేవాడు. ఆ ఇంట్లో ఆమె గెలిచేది అక్కడొక్కచోటే.

మొన్న వేసవిలో ఇంటికి రంగులు వేయించాక చూస్తే పుస్తకాలు లేవు. వదిన దీవెనమ్మను అడిగితే తల దించుకుంది.

"పాత పేపర్లతో ఇచ్చేసేను," అన్నాడు ఇమ్మాన్యుయేల్. "ఇప్పుడెవులు సదువుతారే అయ్యి? అన్నీ వీడియోల్లో సెప్పేత్తన్నారు కదా."

'ఆ వీడియోలు నాకు వినపడతాయా?' అని టైపు చేసి చూపించింది.

అతను చదివి ఫోన్ తిరిగిచ్చేశాడు.

సుజి ఆటో ఎక్కి తుమ్మపాల రోడ్డులో ఉన్న పాత సామాన్ల కొట్టుకి వెళ్లింది. కాగితాలన్నీ ముందురోజే లారీ ఎక్కిపోయాయి.

వారం తిరక్కుండా ఇమ్మాన్యుయేల్ కొత్త మెషీను, కొత్త ఆట కొనుక్కొచ్చాడు. "నీ కోసమే," అన్నాడు. ఆమె ఆత్రంగా డబ్బా తెరిచింది. డిస్కు, ఒక హెచ్చరికల చీటీ. అంతే. ఆట మొదలవగానే తెర మీద ఒక ముసలి యోధుడు చాలాసేపు నోరు కదిపాడు. ఆ బొమ్మ పెదాలు ఆమెకు అందలేదు. కింద అక్షరాలూ రాలేదు.

'ఏం చెబుతున్నాడు?' అని అడిగింది.

"ఆగెహె, ఆడతా ఉంటే నీకే తెలుత్తాది."

మూడుసార్లు ఆడారు. మూడుసార్లూ సుజి ఓడిపోయింది. ఇమ్మాన్యుయేల్ లేచి రెండు చేతులూ పైకెత్తాడు. "ఇరవై ఏళ్లకి గెలిచేనే!"

ఆదివారం చర్చి నుంచి వచ్చాక మళ్లీ ఆటకి పిలిచాడు. ఆమె తల అడ్డంగా ఊపి వంటింటి గుమ్మంలో వంకాయలు తరగడానికి కూర్చుంది. అతను భార్య వైపు తిరిగి నవ్వుతూ ఏదో అన్నాడు. అతని పెదాలు సుజికి స్పష్టంగా కనిపించాయి.

"ఓడిపోయిందని ఉడుక్కుంటంది."