మచ్చ లేని మొహం

జి.మాడుగులలో సత్యకుమారి స్టూడియోకి వెళ్లి ఫోటో తీయించుకుంటే మొహం మీద మచ్చన్నది మిగలదు. ఉద్యోగం దరఖాస్తులకీ, పెళ్లి సంబంధాలకీ పదేళ్లుగా ఫోటోలు తీసీ తీసీ, చిన్న మొటిమ కనిపిస్తే చాలు, మౌస్ మీది వేలు దానంతట అదే కదులుతుంది. అలవాటుకి అడిగి చేసే మర్యాద ఎక్కడేడ్చింది!

అలాంటి మనిషి మొదటిసారి తన కోసం ఓ ఫోటో తీసింది. కాఫీ తోటలో అచ్చియమ్మ, అందరూ ఎరిగిన కొండమీది అవ్వ, ఎనభై ఏళ్ల మొహం, వెనకాల తెల్లటి మంచు. అరకులో జరిగే ఫోటో ప్రదర్శనకి పంపాలని ఆశ. తను ఉత్త స్టూడియో మనిషేనా, ఇంకేమైనా చేతనవునా అన్నది ఆ ఒక్క ఫోటోతో తేలిపోతుందని ఆమె నమ్మకం.

పని నేర్పిన గణపతిరావు మాస్టారికి చూపించింది. ఆయనదో పద్ధతి. ముందు బాగున్నది చెబుతారు, తర్వాత లోటు చెబుతారు, దిద్దుకునే పని మాత్రం మనకే వదిలేస్తారు.

“ఎలుతురు బాగా పట్టేవమ్మా. ఆ మంచు ముట్టుకుంటే తడి తగిలేలాగుంది. కానీ మనిషేదీ? ఎవరో ముసలమ్మ ఉంది. అచ్చియమ్మ నేదు.”

సత్యకుమారికి ఒళ్లు మండిపోయింది. మాస్టారికి చత్వారం ముదిరిందనుకుంది. ఆ అచ్చియమ్మనే అడిగి తేల్చుకుందామని, మర్నాడు పొద్దున్నే ప్రింటూ, అలవాటుగా కెమెరా సంచిలో పెట్టుకుని కొండెక్కింది.

దారంతా మంచే. కాఫీ పూలు పూసిన రోజులు. ముందు వాసన వస్తోంది, తర్వాతెప్పుడో చెట్టు కనిపిస్తోంది. తను నడుస్తోందో తేలుతోందో ఆమెకే తెలియలేదు. కోపం ఏ మలుపులో జారిపోయిందో అదీ తెలియలేదు.

అచ్చియమ్మ వాకిట్లో చోళ్లు చెరుగుతోంది. ఫోటో అందుకుని దూరం పెట్టి చూసింది, దగ్గర పెట్టి చూసింది.

“ఎలుతురు బాగుంది గుంటా. కోక మడతలూ బాగున్నాయి. ఎవులీ ముసల్ది?”

“అయ్యో, నువ్వేనవ్వా!”

“నానైతే మరి ఇయ్యేవీ?” అంటూ అచ్చియమ్మ తన గడ్డం పట్టుకు చూపించింది. అక్కడ మూడు పచ్చబొట్టు చుక్కలున్నాయి. ఫోటోలో గడ్డం మాత్రం తోమిన పళ్లెంలా నున్నగా ఉంది.

వాటిని ఎప్పుడు చెరిపేసిందో సత్యకుమారికే గుర్తు లేదు.

“నా సిన్నప్పుడు మాయమ్మ పొడిపించింది. సచ్చినాక ముక్కు పోగులు ఇక్కడే ఉండిపోతాయి. పచ్చబొట్టే ఎంట వత్తాది. అది సూసే మాయమ్మ అక్కడ నన్ను పోల్చుకుంటాది.” అచ్చియమ్మకి కోపమేమీ లేదు, నవ్వుతోంది. “ఇలా ఎల్తే, ఎవులింటి గుంటవే అని అడగదేటి?”

సత్యకుమారికి సిగ్గుతో కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈ పదేళ్లలో ఎంతమంది అవ్వల గడ్డాలు ఇలా తుడిచేసిందో!

“తప్పయిపోయిందవ్వా. మళ్లీ తీస్తాను.”

“తియ్యి. ఎటు సూడమంటావు?”

‘కెమెరా వైపు’ అనబోయి సత్యకుమారి ఆగింది.

“మీ అమ్మ వైపు చూడవ్వా.”

అచ్చియమ్మ చేట పక్కన పెట్టింది. మంచులోకి, కాస్త పైకి చూసింది. మొహం కడిగించుకునే చిన్నపిల్లలా గడ్డం ఎత్తింది. మూడు చుక్కలూ వెలుగులోకి వచ్చాయి.

“అమా, నానేనే” అంది మెల్లగా.

సత్యకుమారి అప్పుడు నొక్కింది.