హస్తవాసికి ఒక పరీక్ష

మొన్న ఆదివారం పొద్దున్నే బట్టలు ఆరేస్తుంటే మా ఆయన మంచం మీంచే కేకేశాడు. "అమ్మా, నీ కోడలు పిల్లలకి పాలు పట్టడానికి వెళ్తుందట, చూశావా!" మాకింకా పిల్లలు లేరు. ఆయన అంటున్నది నా ఎలుక గుండె కణాల గురించి. ప్లాస్టిక్ గిన్నెల్లో పెరుగుతాయి, వాటి తిండి ద్రవం మార్చకపోతే చచ్చూరుకుంటాయి, ఆదివారాలూ సెలవులూ వాటికి తెలియవు. అత్తయ్య వంటింట్లోంచి, "సరేలే అమ్మాయ్, ఆ కూరొక్కటి చేసేసి వెళ్లు. నీ చెయ్యి పడితేనే వాడికి సయిస్తుంది" అంది. చేసేసి వెళ్లాను. బస్సెక్కాక కూడా చేతులు ఉల్లిపాయ వాసనే.

కానీ ఒక్కసారి మైక్రోస్కోపులో కన్ను పెడితే ఉంటుంది చూడండీ! ఒళ్లు లేదు, నెత్తురు లేదు, గిన్నె అడుగున అతుక్కున్న కణాలన్నీ ఒకేసారి ముడుచుకుని, ఒకేసారి విచ్చుకుని, మళ్లీ ముడుచుకుని... కొట్టుకుంటూనే ఉంటాయి. పీహెచ్‌డీలో చేరి ఇన్నాళ్లయినా నాకు ప్రతిసారీ నోరు తెరుచుకుపోతుంది. మాది ప్రభుత్వ యూనివర్సిటీ, ల్యాబులో ఉన్నదే ఒక ముసలి ఇంక్యుబేటరు. అందులో మిగతావాళ్ల కణాలు నాలుగు రోజులకే అడుగునుంచి ఊడిపోయి తేలేవి. నావి ఊడవు. మొదట్లో నావీ ఊడాయి, ఒక సెమిస్టరంతా సింకులో పారబోశాను. పారబోస్తూ పారబోస్తూ పట్టుకున్నాను: పాత ద్రవమంతా ఒక్కసారే తీసేయకూడదు, సగమే తీయాలి. కొత్తది గోరువెచ్చగా ఉండాలి. కణాల నడినెత్తిన పోయకూడదు, గిన్నె గోడ వారగా జారవిడవాలి. ఇంతే. ఇంత చిన్న విషయం కోసం ఎంత ఏడ్చానో!

మా సీనియర్‌ని ల్యాబులో అందరం ఫిగర్ వన్ అంటాం, ఏ పేపరైనా మొదటి బొమ్మ తనదే కావాలంటాడు కాబట్టి. ఆయన నోట "చెల్లెమ్మా" అని వచ్చిందంటే పని పడిందన్నమాటే. అలా చెల్లెమ్మా చెల్లెమ్మా అంటూనే ఆయన గిన్నెలన్నీ నా మీద పడ్డాయి. మా గైడు మేడమ్ అయితే, "వాడి చేతికి రాదమ్మా, నీ హస్తవాసి మంచిది, కాస్త చూడు" అనేవారు. మంచి డాక్టర్లకుంటుందంటారే, ఆ హస్తవాసి. మొదట్లో భలే పొంగిపోయాను కూడా!

పోయిన వారం ఫిగర్ వన్ పేపరు రాసి మీటింగులో చూపించాడు. బొమ్మలన్నీ నేను బతికించిన కణాలవే. పద్ధతి దగ్గర 'మామూలు విధానంలో పెంచాం' అనుంది. నా పేరు చిట్టచివర కృతజ్ఞతల్లో, మైక్రోస్కోపు రిపేరు చేసినతని పక్కన. "మేడమ్, రచయితల్లో నా పేరు?" అన్నాను. మేడమ్ నవ్వారు. "హస్తవాసికి పేరెలా వేస్తాం తల్లీ?" అందరూ నవ్వారు. నేనూ నవ్వేశాను, అది గుర్తొస్తేనే ఒళ్లు మండుతోంది. ఇంట్లో చెబితే మా ఆయన ఫోన్లోంచి తలెత్తకుండానే, "సర్దుకుపోవే. ఆవిడకి కోపమొస్తే నీ పీహెచ్‌డీ గోవిందా" అన్నాడు. ఆ రాత్రి గిన్నెలు తోముతుంటే తట్టింది. హస్తవాసి అయితే ఇంకొకరికి ఇవ్వలేను. ఇవ్వగలిగితే అది హస్తవాసి ఎలా అవుతుంది? ఇందులో వాదించడానికేముంది, పరీక్ష పెడితే సరి!

అందుకే శనివారం ఫిగర్ వన్, "చెల్లెమ్మా, రేపు నావి కూడా..." అనగానే, "మీరే రండన్నా, మీ చేత్తోనే చేయిద్దాం" అన్నాను.

"నా చేతికి రాదుగా!"

"రాకపోతే మీ గిన్నెలు జీవితాంతం నేనే చూస్తా."

ఆశపడి ఆ ఆదివారం వచ్చాడు. ఒక గిన్నె తనకు అలవాటైనట్టే చేయమన్నాను. ఇంకోటి నేను చెప్పినట్టు. నా చేతులు మాత్రం కోటు జేబుల్లోంచి తీయలేదు. "ఇంత నెమ్మదిగానా? ఈలోగా నాకు పెళ్లయిపోతుంది!" అని ఒకటే గొణుగుడు. "గోడ వారగా అన్నా, గోడ వారగా!" నేను అరుస్తూనే ఉన్నాను. రోజూ వచ్చి అలాగే చేశాడు, రోజూ నేను అలాగే అరిచాను.

ఈ పొద్దున తెరిచి చూశాం. తన పద్ధతి గిన్నెలో కణాలు చుండ్రులా తేలుతున్నాయి. నా పద్ధతి గిన్నెలో అన్నీ అడుగున అతుక్కుని టకటకా కొట్టుకుంటున్నాయి. ఆయన ఎగిరి గంతేశాడు. "అరే, నా చెయ్యి బాగుపడిపోయిందే!" ఏమనాలి చెప్పండి? ఆయన్నీ రెండు గిన్నెల్నీ వెంటబెట్టుకుని మేడమ్ దగ్గరికి వెళ్లాను.

మేడమ్ రెండు గిన్నెల్నీ మైక్రోస్కోపు కింద పెట్టి చూశారు. "ఎవరు చేశారివి?"

"రెండింట్లోనూ చెయ్యి ఈ అన్నదే మేడమ్. బతికినదాంట్లో పద్ధతి నాది."

ఫిగర్ వన్ చెప్పులకేసి చూసుకున్నాడు. మేడమ్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "నిజమేనమ్మా. హస్తవాసి అనేసి ఊరుకున్నాను, ఎలా చేస్తున్నావని ఒక్కసారైనా అడగలేదు. పద్ధతి నీ పేరుతోనే రాయిద్దాం. రచయితల్లో వీడి తర్వాత నీ పేరు. చాలా?"

థాంక్యూ మేడమ్ అనే మాట అలవాటు కొద్దీ నాలుక చివరిదాకా వచ్చేసింది. అయితే ఆ పేపర్లో ఉన్న నా కణాల బొమ్మలన్నీ, మొదటి బొమ్మ నుంచీ, ఒకదాని తర్వాత ఒకటి కళ్ల ముందు తిరిగాయి.

"చాలదు మేడమ్" అన్నాను.