తొట్టిలో చేతులు పెట్టొద్దు

ఎవరిదో తడి కోటును కొక్కేనికి తగిలిస్తూనే బొగొమిలా కంటికొసతో చూసింది. బృందగానానికి వచ్చిన ముసలాయన జేబులోంచి రొట్టెముక్క తీసి, కిటికీ దగ్గరి చిట్టిరొయ్యల గాజుతొట్టి మీదికి చేయి చాస్తున్నాడు.

“ఆ ముక్క మీరే తినండి బాబాయ్. వాటి కడుపు నిండే ఉంది.”

“ఏం తింటాయమ్మా, పాచి తప్ప ఏమీ లేదే.”

“ఆ పాచే వాటి భోజనం. మీ రొట్టె కుళ్లితే పోయేది అవే.”

ముసలాయన చిన్నబుచ్చుకుని రొట్టె జేబులో వేసుకున్నాడు. బొగొమిలాకు జాలి కలగలేదు. సాయం చేయడానికే పుట్టినవాళ్లతో ఆమె ఎప్పుడో విసిగిపోయింది.

దాన్యూబు నది ఒడ్డున ఉన్న విదిన్ పట్టణంలో, పుస్తకాలకూ పాటలకూ ఊరంతా వచ్చే పఠనమందిరంలో, వచ్చినవాళ్ల కోట్లు అందుకుని, తిరిగి ఇవ్వడం ఆమె ఉద్యోగం. పొట్టి మనిషి, సాయంత్రానికి చీలమండలు పొంగిన పిండిలా బూట్ల అంచుల మీదికి జారుతాయి. తొట్టి కూడా ఆమెదే. అడుగున తోటమట్టి, దాని మీద దాన్యూబు ఇసుక, మొక్కలు, నత్తలు, వాటి మధ్య మిరపపండు రంగు చిట్టిరొయ్యలు. మోటారు లేదు, దీపం లేదు. కిటికీ వెలుతురే ఆధారం. ఆవిరైనంత వాననీరు పోయడం, ఆపైన చేతులు కట్టుకుని కూర్చోవడం, అంతే. ఈ రెండో పని ఆ ఊళ్లో ఎవరికీ చేతకాలేదు. పాచి గీకుతామని ఒకరు, నీళ్లు మార్చుతామని ఒకరు, చలికి ఓర్వలేవని వేడినీళ్లు తెచ్చినవారు ఇంకొకరు.

ఆమె బతుకూ అలాగే గడిచింది. ఆమె వండిన పులుసులో అత్తగారు చెప్పకుండా ఉప్పు వేసేది. ఆమె పెంచిన ద్రాక్షతీగను, కాపు పెరుగుతుందని, బావగారు మొదలంటా కత్తిరించాడు. భర్త మంచివాడు, పోయేదాకా ఆమె రేడియో స్టేషను మారుస్తూనే ఉన్నాడు. ఊరికే వదిలేసినందుకు పచ్చగా బతికినది ఈ తొట్టి ఒక్కటే. పింఛను వయసు దాటినా ఆమె ఉద్యోగం వదలకపోవడానికి కారణం అదే. అధికారి త్సోంకొవ్‌కు ఆ కిటికీ దగ్గర కాఫీ యంత్రం పెట్టించాలని ఉంది. పిల్లలు చూడటానికి వస్తున్నారు గనుక ఊరుకుంటున్నానని, రొయ్యలు చచ్చిన రోజున తొట్టి తీయించేస్తానని ఆయన మర్యాదగానే చెప్పాడు. ఇప్పుడు నాలుగైదు ఆడరొయ్యలు కడుపు కింద గసగసాల్లాంటి గుడ్లు మోస్తున్నాయి.

ఆరోజు జనవరి ఆరు. నీళ్లు దీవించే పండుగ, బొగొమిలా అనే పేరు పెట్టుకున్నవాళ్లకు పుట్టినరోజులాంటి పేరు పండుగ కూడా. ఫాదర్ ఓనుఫ్రి వచ్చి మందిరమంతా మంత్రజలం చల్లాలి. దానికోసం పాత సామాన్ల గదిలోని రాగి కడవను ముందురోజు దింపించారు. ఎవరికి అప్పగించినా సరిగా తోమరని బొగొమిలా తానే ఉప్పు, వెనిగర్ పట్టించి, వేళ్లు పగిలేదాకా రుద్ది, సూర్యబింబంలా మెరిపించి, రాత్రే నీళ్లు నింపి ఉంచింది.

ఫాదర్ తులసిరెమ్మలు ముంచి గోడల మీద, పుస్తకాల మీద, నెత్తుల మీద చల్లుకుంటూ వచ్చాడు. బొగొమిలా తొట్టికి అడ్డంగా నిలబడింది.

“నా మీద ఎంతైనా చల్లండి ఫాదర్. ఇందులో చుక్క పడకూడదు.”

“వాటికి దేవుడు వద్దా?”

“దేవుడు ఎలాగూ ఉన్నాడు. చేతులు పెట్టేవాళ్లే వద్దు.”

ఆయన నవ్వి, రెండింతలు ఆమె మీదే చల్లి వెళ్లిపోయాడు. బృందగానం వాళ్లు వెళ్లే వేళయి, ఆమె కోట్ల దగ్గరికి వెళ్లింది.

భోజనాల తర్వాత చూస్తే తొట్టి కళకళలాడుతోంది. రొయ్యలన్నీ అద్దం వెంట పైకీ కిందికీ పరుగులు. ఆడది పొర విడిచినప్పుడు జతకట్టడానికి మగవి అలాగే తిరుగుతాయి. బొగొమిలా సంబరపడింది, త్సోంకొవ్‌ను పిలిచి మరీ చూపించింది. వసంతానికి తొట్టి నిండిపోతుందని, కాఫీ యంత్రానికి వేరే చోటు వెతుక్కోమని చెప్పింది.

కాసేపటికి పరుగులు ఆగాయి. ఒకటి ఇసుక మీద పక్కకు ఒరిగింది. తర్వాత మరొకటి. గుడ్లతో ఉన్నది కాళ్లు పైకెత్తి, ఒక్కో కాలే కదుపుతోంది.

“ఎవరు చేయి పెట్టారు?” అని ఆమె అడిగింది. గొంతు పెంచలేదు.

గ్రంథాలయం చూసే రాయన లేచి వచ్చింది. బొగొమిలా కన్నా పెద్దది. ఆమె కోసం అల్లిన మేజోళ్లు బహుమతిగా చేతిలో పట్టుకుని ఉంది.

“నేనేనే పిల్లా. కడవలో దీవించిన నీళ్లు మిగిలాయి. కాలవలో పారబోయకూడదు కదా, పచ్చని చెట్టుకే పోయాలి. సగం పూలకుండీలకు పోశాను, సగం నీ మొక్కలకు. ఇవాళ నీ పండుగ. నీ పేరు చెప్పుకునే పోశాను, నూరేళ్లు చల్లగా ఉండాలని.”

బొగొమిలా కడవ దగ్గరికి వెళ్లి లోపలికి వంగింది. లోపలి కళాయి ఎక్కడా మిగల్లేదు. అడుగంతా పచ్చి ఎర్రగా ఉంది. నిన్న రాత్రి ఆ ఎరుపే చూసి, ఎంత బాగా తోమానని మురిసిపోయింది. రాగి విషం రొయ్యకు గిట్టదని ఊరందరికీ చెప్పే మనిషి, ఆ విషాన్ని తన చేతులతోనే తోమి, నానబెట్టి ఉంచింది.

పెరట్లో వాననీటి పీపా రాయిలా గడ్డకట్టి ఉంది. కుళాయినీటిలో క్లోరిన్ వాసన, అదీ వాటికి విషమే. మార్చడానికి మంచినీళ్లు లేవు.

“ఏమైందే? తప్పు చేశానా?” అంది రాయన.

బొగొమిలా ఆ ముడతలు పడిన మొహాన్ని చూసింది.

“లేదు రాయనక్కా. మంచిపనే చేశావు. వీటికి వయసైపోయింది.”

మేజోళ్లు తీసుకుని సంచిలో పెట్టుకుంది. తన కోటు తానే కొక్కెం నుంచి తీసి తొడుక్కుంది. మిగిలిన కోట్లు ఇచ్చిపంపమని రాయనకు అప్పగించింది. త్సోంకొవ్ గది తలుపు దగ్గర ఆగి, రేపటి నుంచి రానని, యంత్రం తెప్పించుకోవచ్చని చెప్పి, మంచులోకి దిగిపోయింది. బతుకులో మొదటిసారి ఆమె చేసే పనికి ఎవరూ అడ్డురాలేదు.

కిటికీలో వెలుగు తగ్గింది. తొట్టిలో కదిలేవి లేవు. నాచుతీగను పట్టుకుని మాత్రం ఒక రొయ్య విడిచిన పొర నిలబడి ఉంది: మీసాలు, కాళ్లు, తోక అన్నీ చెక్కుచెదరకుండా, గాజులా, లోపల ఎవరూ లేకుండా.