అందాకా నా గొంతు

కంప్యూటర్లంటే నాకు భయం లేదు, ఓపిక లేదు, అంతే. పొద్దస్తమానం ఆఫీసులో కోడ్ రాసేదాన్నే అయినా ఇంట్లో ఏదన్నా ఇన్‌స్టాల్ చెయ్యమంటే ఒళ్లు మండుతుంది. ఒక్క ప్యాకేజీ, అంటే ఎవరో రాసిపెట్టిన ప్రోగ్రాం ముక్క, అడిగితే అది నాలుగింటిని వెంటేసుకొస్తుంది. ఆ నాలుగూ ఇంకో పది కావాలంటాయి. ఒకటి అలిగిందా, అన్నీ అలుగుతాయి.

మా ఇంట్లో ఇలాంటి పనులన్నీ అక్కవి. నాన్నకి స్వరపేటిక తీసెయ్యాలని డాక్టర్లు తేల్చినప్పుడు, ఆపరేషన్‌కి ముందే అక్క ఆయన్ని కూర్చోబెట్టి రోజూ పేపరు చదివించి రికార్డు చేసింది. తర్వాత ఒక ప్రోగ్రాం రాసింది. నాన్న టైప్ చేస్తే కంప్యూటర్ ఆయన గొంతుతోనే పలికేది. ఆయనా తక్కువ తినలేదు, కూరగాయలబ్బాయితో బేరాలు కూడా దాంతోనే ఆడేవాడు.

ఆ కంప్యూటర్ కాస్తా పాడైంది. "ఆదివారం వచ్చి కొత్తదాంట్లో వేసిపెడతాలే నాన్నా" అంది అక్క ఫోన్లో. ఆ శుక్రవారమే ఆఫీసుకి వెళ్తూ బస్సు కింద పడి చనిపోయింది.

అప్పట్నుంచీ నాన్న ఒక్క మాట మాట్లాడలేదు. కాగితం, పెన్ను ఇస్తే పక్కన పెట్టేశాడు. అందరం గొల్లుమని ఏడుస్తుంటే ఆయనా నోరు తెరిచి ఏడ్చాడు, చప్పుడు రాలేదు. అది చూశాక నాకు నిద్ర పట్టడం మానేసింది. సెలవు పెట్టి, ఆయనకి మాట తెప్పించాల్సిందేనని కొత్త కంప్యూటర్ ముందు కూర్చున్నాను. నాన్న కుర్చీ లాక్కుని నా పక్కనే కూర్చున్నాడు.

అక్క ప్రోగ్రాం నెట్‌లో తన ఖాతాలోనే ఉంది, దింపుకున్నాను. ఏ ప్యాకేజీ ఏ వెర్షన్ వెయ్యాలో తను శుభ్రంగా రాసిపెట్టింది. నేను చదివితేగా! అన్నీ లేటెస్టువి లాగిపడేశాను, నా అలవాటది. సగంలో ఆగిపోయింది. నల్లటి తెర మీద ఒక వాక్యం వచ్చింది.

"చెల్లీ, కొత్తవి వేశావు కదూ. అన్నీ తీసేసి నేను రాసినవే వెయ్యి."

ఇందులో మాయేం లేదు, నాకు తెలుసు. వెర్షన్ తేడా వస్తే ఈ ముక్క చూపించమని ఎప్పుడో రాసుంటుంది. పాత కంప్యూటర్ని కూడా నేనోసారి ఇలాగే చెడగొట్టాను మరి. అంతా తెలుసు. అయినా వెనక్కి తిరిగి గుమ్మం వైపు చూశాను.

"పోయాక కూడా నన్ను తిట్టడం మానలేదు చూడు నాన్నా" అన్నాను. ఆయన నవ్వలేదు. ఆ వాక్యం మీద వేలు పెట్టి, చెప్పినట్టు చెయ్యమన్నట్టు తలూపాడు.

వేసినవన్నీ పీకేసి, బుద్ధిగా అక్క చెప్పిన వెర్షన్లు ఒక్కోటీ వేశాను. చివరిది బాగా నాన్చింది. కింద ఇంకో వాక్యం పడింది.

"దీనికి టైం పడుతుంది. గోళ్లు కొరక్కుండా వెళ్లి నీళ్లు తాగు."

నా వేలు నిజంగానే నోట్లో ఉంది. గబుక్కున తీసేశాను. వంటింట్లోకి వెళ్లి, గ్లాసు పట్టుకుని, తాగకుండానే కాసేపు నిలబడ్డాను. తిరిగొచ్చేసరికి పని అయిపోయింది, ఒక్కటి తప్ప.

"నాన్న గొంతు ప్యాకేజీ దొరకలేదు. నెట్‌లో వెతక్కు, అక్కడ పెట్టలేదు. నా దగ్గరుంది, నన్నడుగు. అందాకా నా గొంతుతో నెట్టుకొస్తా."

"ఎక్కడికొచ్చి అడగనే నిన్ను?" అన్నాను పైకే. కోపమొచ్చింది నాకు. చచ్చిపోయినందుకు కోపం.

నాన్న కీబోర్డు తన ముందుకి లాక్కున్నాడు. ఒంటి వేలితో వెతుక్కుంటూ ఏదో కొట్టి, ఎంటర్ నొక్కాడు.

"నాన్నా" అంది అక్క.

ఎప్పుడూ జలుబు చేసినట్టుండే అదే గొంతు. ప్రోగ్రాం పరీక్షించుకోడానికి తన గొంతే వాడుకుందన్నమాట. నాన్న మళ్లీ నొక్కాడు. "నాన్నా." మళ్లీ నొక్కాడు. "నాన్నా." పిలిచిన ప్రతిసారీ ఆయన పెదవులు కదులుతున్నాయి. కూతురు పిలుస్తోంది, ఆయన పలుకుతున్నాడు, గాలి తప్ప ఏమీ బయటికి రావట్లేదు.

నాకింక కూర్చోబుద్ధి కాలేదు. పోలీసులిచ్చిన అక్క బ్యాగు అలమరా మీద పెట్టాం, ఇన్నాళ్లూ ఎవరం ముట్టుకోలేదు. నన్నడుగు అంటే ఇంకెక్కడ అడుగుతాను? స్టూలెక్కి దించాను. అందులోని ల్యాప్‌టాప్ మూత నలిగిపోయింది, తెర ముక్కలైంది. లోపలి డిస్కు ఊడదీసి కొత్త కంప్యూటర్‌కి తగిలిస్తే పనిచేసింది. నాన్న గొంతు అందులోనే ఉంది.

ఇన్‌స్టాల్ మొదలుపెట్టాను. చివర్లో అడిగింది.

"అసలు గొంతు వచ్చింది. ఇక నాది తీసెయ్యనా?"

నాన్న ఆ మాట చదివి, చదివి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "కాపీ తీసి దాస్తాను నాన్నా. ఎక్కడికీ పోదు" అన్నాను. ఆయన పక్క విండోలో టైప్ చేశాడు.

"దాచు. ఎక్కడ దాచావో నాకు చెప్పకు."

అది కూడా అక్కే అంది, తనని దాచమని తనే చెప్తున్నట్టు. నాకు ఏడుపు ఆగలేదు.

కాపీ తీశాను. సరే అని నొక్కబోతుంటే నాన్న నా చెయ్యి పట్టుకుని ఆపి, ఇంకొక్కసారి టైప్ చేశాడు. "నాన్నా" అని పిలిచింది అక్క. అప్పుడు వదిలాడు నా చెయ్యి. నేను నొక్కాను. అక్క గొంతు పోయింది, ప్రోగ్రాం మూసుకుని మళ్లీ తెరుచుకుంది.

నాన్న తడబడకుండా కొట్టాడు. ఇన్నాళ్లకి ఆయన సొంత గొంతు గదిలో వినిపించింది.

"ఏంటమ్మా, చెప్పు."

అని, జవాబు కోసం తెర వైపే చూస్తూ కూర్చున్నాడు.