పొగను పట్టే పెట్టె

నారాయణ వెదురు కర్రతో రేకు మీద కొట్టి చెవి ఒగ్గాడు. శుభ్రంగా ఉన్న రేకు గంటలా మోగుతుంది. జిడ్డు పట్టిన రేకు తడిగోడను తట్టినట్టు మూలుగుతుంది. ఇది మూలిగింది. పక్కదీ మూలిగింది. రాత్రంతా సముద్రం మీది నుంచి తేమగాలి వీచింది మరి, జిడ్డు ఇంకాస్త బిగిసింది.

పలాసలోని ఆ జీడిపప్పు ఫ్యాక్టరీ వెనక, పొగగొట్టం మొదట్లో ఈ ఇనప పెట్టె ఉంది. బీరువా కన్నా పెద్దది, లారీ కన్నా చిన్నది. డ్రమ్ములో జీడిపిక్కలు కాలేటప్పుడు లేచే నల్లపొగ పైకి పోయే ముందు ఇందులో దూరాలి. లోపల రేకులు వరసగా వేలాడుతుంటాయి, వాటి మధ్య సన్నటి తీగలు. తీగల్లోకి గట్టి కరెంటు వదిలితే పొగలోని మసీ, నూనె తుంపరలూ పోయి రేకులకి అతుక్కుంటాయి. అడుగునున్న హీటర్లు ఆ జిడ్డుని కరిగించి పీపాలోకి దింపుతాయి. అవి దించనిది నారాయణ దించాలి.

దీన్ని బిగించడానికి విశాఖపట్నం నుంచి వచ్చిన దిలీప్ అనే ఇంజనీరు, తలుపు మీది ఇత్తడి పలకలో నంబరు చూపించి, ఇది పేటెంటు ఉన్న యంత్రమని చెప్పాడు. ఆ మర్నాటి నుంచి నారాయణ పలకకి బొట్టు పెడుతున్నాడు. పేటెంటంటే ఏమిటని అతని భార్య పైడమ్మ అడిగింది. ఆమె అదే ఫ్యాక్టరీలో పిక్కలు కొడుతుంది. ఇలాంటిది ఇంకెవరూ చెయ్యకూడదని దాని అర్థమని చెప్పాడు.

"సేత్తానని ఎవులొచ్చినారేటి?" అందామె.

నిజమే, ఎవరూ రాలేదు. షాకు కొడుతుందని అందరూ ఆ పెట్టెకి ఆమడ దూరంలో తిరిగేవారు. నారాయణ మాత్రం అడిగి మరీ వచ్చాడు. మూలపేటలో చేపల వేటకెళ్ళే కుటుంబం వాళ్ళది. పడవ పోయాక పలాస వచ్చి డ్రమ్ము తిప్పే పనిలో చేరాడు, జుట్టు నెరిసేదాకా అక్కడే ఉన్నాడు. ఈమధ్య మెట్లెక్కితే రొమ్ములో పిల్లి కూస్తోంది. పొగ దగ్గరికి పోవద్దని టెక్కలి డాక్టరు చెప్పాడు. పలాసలో పొగ లేని చోటు ఎక్కడుందో మాత్రం చెప్పలేదు. సరిగ్గా అప్పుడే ఈ పెట్టె వచ్చింది. ఇది నడిచినంతసేపు నారాయణకి ఊపిరి నడుస్తుంది. అతని లెక్క అంతే.

ఇప్పుడు ఆ లెక్కకే ముప్పొచ్చింది. పొగ మీద వెనక వీధివాళ్ళు అర్జీ పెట్టారు. మధ్యాహ్నం అధికారులు పొగగొట్టం చూడడానికి వస్తున్నారు. ఫ్యాక్టరీ మొత్తం మీద యజమాని జగదీశ్వరరావు ఒక్కడికే సెల్‌ఫోను ఉన్న రోజులవి. ఆయన ఆ ఫోను చెవి నుంచి తియ్యకుండానే నిన్న చెప్పాడు: నల్లపొగ కనబడిందంటే ఈ డబ్బాని పాత ఇనుము కింద అమ్మేస్తాను, నువ్వు మళ్ళీ డ్రమ్ము దగ్గరికే.

అందుకే నారాయణ పొద్దున్నే కాస్టిక్ సోడా కలిపిన వేడినీళ్ళతో రేకులన్నీ కడిగాడు. ఆరబెట్టాడు. అప్పుడతనికో ఆలోచన వచ్చింది. జీడినూనె చర్మాన్ని తినేస్తుంది కాబట్టి, పిక్కలు కొట్టే ఆడవాళ్ళు పనికి కూర్చునే ముందు చేతులకి బూడిద పూసుకుంటారు. పూసుకుంటే నూనె అంటదు. చేతికి అంటనిది రేకుకి మాత్రం ఎందుకంటుతుంది? పొయ్యిలోని బూడిద గుడ్డలో మూటగట్టి, పసిబిడ్డకి పౌడరు అద్దినట్టు రేకు రేకుకీ అద్దాడు. మీట వేశాడు. పెట్టె తుమ్మెదలా ఝుమ్మంది. పైన పొగ పలచబడింది. కర్ర ఒళ్ళో పెట్టుకుని పొగగొట్టం వంక గర్వంగా చూస్తూ కూర్చున్నాడు.

ఎండ నెత్తికెక్కే వేళకి పెట్టె చిటపటలాడింది. బూడిద పొరలు పొరలుగా లేచి తీగలకీ రేకులకీ మధ్య చేరింది. లోపల నీలంగా మెరిసింది. ఫ్యూజు కొట్టేసింది. పొగగొట్టం నోట్లోంచి నల్లటి జడ ఒకటి విప్పుకుంటూ ఆకాశంలోకి లేచింది.

డ్రమ్ము ఆపితే లోపలి పిక్కలు మాడిపోతాయి, ఎవరూ ఆపరు. నారాయణ లోపల మిగిలిన కరెంటు దిగిపోయేలా ఎర్తు కడ్డీ తాకించి, తలుపు తెరిచి, ముఖానికి తువ్వాలు చుట్టుకుని ఆ పొగలోనే లోపలికి వంగాడు. తడిపిన గోనెతో రేకులు తుడవసాగాడు. గోనె తగిలిన చోటల్లా రేకు చుయ్యిమంది. ఎవరు చెప్పారో, పైడమ్మ బూడిద చేతులతోనే పరుగెత్తుకొచ్చింది.

"ఒగ్గీ మావా. నీ ఊపిరి సూసుకో."

"ఒగ్గేత్తే రేపు డ్రమ్ము కాడ నువ్వు నిలబడతావేటి?" దగ్గు తెర తగ్గాక అన్నాడు. "బూడిద నానే పూసాను. నీ సేతులు సూసి."

"నా సేతుల్లో కరెంటుందేటి మావా?"

అని, గోనె పిండి అందించింది. అతను తుడిచాడు. మళ్ళీ పిండి అందించింది. చివరి రేకు తుడిచి తలుపు మూసి, కొత్త ఫ్యూజు తీగ చుట్టి మీట వేసేసరికి, గేటు దగ్గర జీపు హారను మోగింది.

అధికారులు చాలాసేపు చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూశారు. ఏవో కొలిచి రాసుకున్నారు. పొగగొట్టం మీద సన్నటి ఆవిరిలాంటిది తప్ప ఏమీ లేదు. నియమాలకి లోబడే ఉందని చెప్పి, కొబ్బరినీళ్ళు తాగి వెళ్ళిపోయారు.

జగదీశ్వరరావు నవ్వుకుంటూ వచ్చాడు. భుజం తట్టబోయి, దాని మీది మసి చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. శభాష్ అన్నాడు. వాళ్ళు మళ్ళీ వచ్చేది ఏడాదికేనన్నాడు. ఇక మీట తీసెయ్యమన్నాడు.

నారాయణకి అర్థం కాలేదు. "బాగానే ఆడతన్నాది కదా బాబూ."

"ఆడుతోంది కాబట్టేరా ఆపమంటున్నాను. ఊరికే అరగదియ్యడం దేనికి? రేపు డ్రమ్ము దగ్గరికి వచ్చెయ్."

మీట నారాయణే తీశాడు. ఝుంకారం సన్నబడి, సన్నబడి ఆగింది. ఇన్నాళ్ళూ అది చెవిలో ఉందని అతనికి అప్పుడే తెలిసింది. పెట్టె గోడ ఇంకా వెచ్చగా ఉంది. దానికి వీపు ఆన్చి కూలబడ్డాడు.

పైడమ్మ టీ తెచ్చింది.

"అక్కడెట్టు. సల్లారనీ," అన్నాడు.

గ్లాసు పెట్టె అంచున పెట్టి, మిగిలిన పిక్కలు కొట్టడానికి ఆమె వెళ్ళింది. పని ముగించి వచ్చేసరికి అతను అలాగే కూర్చుని ఉన్నాడు, గడ్డం రొమ్ముకి ఆనించి. రొమ్ములో పిల్లి కూత లేదు. ముందు ఆమెకి అదే వినబడింది. మావా, అని మెల్లగా పిలిచింది, నిద్ర చెడుతుందేమో అన్నట్టు. ఆ తరవాత పక్కన కూర్చుని, తువ్వాలు చివరతో అతని మూతి మీది మసి తుడిచింది.

మనుషులు వచ్చి అతన్ని ముందు గేటు గుండా మోసుకెళ్ళారు. వాయి మధ్యలో ఉందని డ్రమ్ము తిరుగుతూనే ఉంది.

పెట్టె అంచున టీ గ్లాసు అలాగే ఉంది. టీ మీద మీగడ కట్టింది. ఆ మీగడ మీద, పైనుంచి మసి నలుసులు తాపీగా దిగి ఒక్కొక్కటే వాలుతున్నాయి.