పనసపొట్టు వదిలినవాడి గొడుగు

నేను ఒక గొడుగుని. అలా చెప్పుకోవడానికి నాకే కాస్త మొహమాటంగా ఉంటుంది. గొడుగన్నాక ఎవరి నెత్తి మీదైనా ఎండ ఆపాలి, వాన ఆపాలి. పదకొండేళ్ళ ఉద్యోగంలో నన్ను విప్పిన పాపాన పోయినవాడు లేడు. ముడిచిన నా కొసకి జానెడు ఎర్రగుడ్డ కట్టి, గాల్లోకి ఎత్తి పట్టుకుని, "పదండి పదండి, గొడుగు చూసుకుని నడవండి" అంటూ ఊళ్ళన్నీ తిప్పారు. గొడుగుగా పుట్టి జెండాగా బతికాను.

పుట్టింది రాజమండ్రిలో, ఓ గొడుగుల కొట్టు వెనక గదిలో. ఎనిమిది ఇనప ఊచలు, వంకీ తిరిగిన బెత్తం పిడి, దిట్టమైన నల్లగుడ్డ. నన్ను కుట్టిన మనిషి ఒక్కసారి విప్పి, వెలుతురుకు పట్టి, చిల్లులేవీ లేవని చూసి ముడిచేశాడు. తర్వాత ఆర్నెల్లు కొట్లో చిలక్కొయ్యకి వేలాడుతూ వానాకాలం కోసం ఎదురుచూశాను. వచ్చింది వానాకాలం కాదు, పేర్రాజు.

పేర్రాజు కాశీ బస్సుకి గైడు. మా గోదావరి జిల్లాల్లో కాశీ బస్సంటే తెలియనివాళ్ళుండరు. నలభై మంది జనం, డిక్కీ నిండా బియ్యం బస్తాలు, గ్యాసు పొయ్యి, ఆవకాయ జాడీ, వెంట ఓ వంటవాడు. పద్దెనిమిది రోజుల్లో పూరీ, గయ, కాశీ, ప్రయాగ, అయోధ్య చూపించి తిరిగి ఎవరి గుమ్మంలో వాళ్ళని దింపుతారు. చూపించి అంటున్నాను గాని, వందల ఏళ్ళ నాటి గుడిలో పన్నెండు నిమిషాలు, గంగలో మూడు మునకలు, చీరల కొట్లో రెండు గంటలు. మనుషులు పుణ్యం దగ్గర తొందరపడతారు, బేరం దగ్గర పడరు. నా సంగతి మరీ అన్యాయం. ఎప్పుడూ జనం తలల పైనే ఉంటాను కనక, కాశీ సందుల్లో నేను చూసిందల్లా కరెంటు తీగలు, కోతులు, మేడల మీద ఆరేసిన బట్టలు. విశ్వనాథుడు ఎలా ఉంటాడంటే నాకు తెలియదు. గుడిలోకి గొడుగులు రానివ్వరు.

పేర్రాజు తండ్రి అబ్బులు పోయిన ఏడాదికి అతను ఈ పనిలో చేరాడు. మొదటి ట్రిప్పుకి బయల్దేరేటప్పుడు తల్లి వీరాయమ్మ ఒకే ఒక్క మాట చెప్పింది. "గయ ఎల్తన్నావు కదా, మీ నాన్నకి పిండం పెట్టి రా." పెట్టాలనే అనుకున్నాడు. నువ్వులు, కొత్త పంచె సంచిలో పెట్టుకున్నాడు కూడా. తీరా గయలో దిగాక మా జట్టులో ఓ ముసలాయన కనిపించకుండా పోయాడు. వేరే బస్సువాళ్ళ గొడుగు చూసి వాళ్ళ వెంట నడిచి వెళ్ళిపోయాడట. అంత అవమానం నాకు మళ్ళీ జరగలేదు. ఆయన్ని వెతికి పట్టుకునేసరికి నాలుగు గంటలు దాటింది, బస్సు కదలాల్సిన వేళయింది. పేర్రాజు నువ్వుల పొట్లం అలాగే వెనక్కి తెచ్చాడు.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కోక ముందే వీరాయమ్మ గుమ్మంలో అడిగింది.

"పెట్టావా?"

పద్దెనిమిది రోజుల అలసట, నిద్రలేమి. పెట్టలేదంటే మొదలయ్యే ఏడుపు. "పెట్టానమ్మా" అనేశాడు. ఏడాదిగా బిగపట్టుకున్న ఊపిరి ఆవిడ అప్పుడు వదిలింది. నేను అతని చంకలోనే ఉన్నాను, చూశాను. ఒక అబద్ధానికి మనిషి మొహం అంత తేటపడుతుందని నాకు అప్పుడే తెలిసింది. దాంతో పేర్రాజుకి హుషారొచ్చి, "పండాగారి పుస్తకంలో నాన్న పేరు కూడా రాశారు" అని మరోటి కలిపాడు. పండా అంటే గయలో పిండాలు పెట్టించే పురోహితుడు.

"మరి ఏం వదిలావు?"

గయలో పిండం పెట్టినవాళ్ళు అక్షయవటం దగ్గర ఒక కూర, ఒక పండు వదలాలి. వదిలింది ఈ జన్మలో మళ్ళీ తినకూడదు. ఇష్టమైంది వదలమని శాస్త్రం. జనం శాస్త్రం కంటే తెలివైనవాళ్ళు కనక కాకరకాయ వదులుతారు. నిజంగా పెట్టి ఉంటే పేర్రాజూ కాకరకాయే వదిలేవాడు, ఆ చేదు అతనికి పడదు. కాని అబద్ధమాడేవాడికి కాకరకాయ చాలదు, నమ్మించాలంటే గట్టిదేదో కావాలి. "పనసపొట్టు" అన్నాడు.

"అయ్యో, అదేంట్రా! ఆవ పెట్టిన పనసపొట్టంటే పడి చస్తావు కదరా!"

"నాన్న కోసమే కదమ్మా" అన్నాడు పేర్రాజు. మాట నోరు దాటాక ఇంకేం చేస్తాడు!

ఆ మాట వీధంతా పాకింది. మా బస్సులో వంటవాడు భీమన్నది కూడా ఆ వీధే. గయలో ఆ రోజు పొయ్యి దగ్గరే ఉండిపోయాడు కనక అతనూ నమ్మాడు. ఏ పెళ్ళి భోజనంలోనైనా పనసపొట్టు కూర వస్తే పేర్రాజు విస్తరికి భీమన్న చెయ్యి అడ్డం పెట్టేవాడు. "ఆయ్, మావోడికి ఎయ్యకండి, ఆళ్ళ నాన్న పేరు మీద ఒదిలేశాడు" అనేవాడు గర్వంగా. పేర్రాజు తేలు కుట్టిన దొంగలా తలొంచుకునేవాడు. నాకు వింతగా తోచింది మరొకటి. ఓసారి బెజవాడ హోటల్లో, ఎరిగినవాడు ఒక్కడూ లేని చోట, వడ్డించిన పనసపొట్టుని ఆకు చివరికి నెట్టేసి మజ్జిగన్నం తిని లేచాడు. పెట్టని పిండానికి నియమం మాత్రం నిప్పులా పాటించాడు. మనుషుల లెక్క గొడుగులకి అందదు.

తర్వాత ట్రిప్పులో పెట్టొచ్చు కదా అంటారా? పక్కనే భీమన్న. పెట్టినవాడు మళ్ళీ ఎందుకు పెడుతున్నాడని అడగడూ? పైగా తర్పణం వదలాలంటే రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. అతని కుడిచేతిలో ఎప్పుడూ నేనున్నాను. ఒడ్డున నన్ను ఎత్తి పట్టుకుని నిలబడకపోతే నలభై మందీ నలభై దారులు పడతారు. ఇలా వచ్చే ట్రిప్పు, వచ్చే ట్రిప్పు అనుకుంటూ ఇరవై ఆరు ట్రిప్పులు.

ఫల్గు నది మెట్ల మీద ప్రతిసారీ ఒకే కథ చెప్పేవాడు. రాముడు లేని వేళ సీతమ్మ మామగారికి ఇసకతో పిండం పెట్టింది. రాముడొచ్చి నమ్మకపోతే సాక్ష్యం అడిగింది. మర్రిచెట్టు నిజం చెప్పింది, అందుకే అక్షయవటమైంది. నది మాత్రం నేను చూడలేదంది. నీ నీళ్ళు పైకి కనబడకుండా పోవాలని సీతమ్మ శపించింది. "చూడండి, అందుకే పైన ఇసక, తవ్వితే గాని నీళ్ళు రావు" అని చెయ్యి చూపించేవాడు. సరిగ్గా అక్కడికొచ్చేసరికి నా పిడి మీద అతని చెయ్యి చెమర్చేది. సాక్షి అనే మాట వినగానే నా ఊచలూ వణికేవి. గయలోనూ, ఇంటి గుమ్మంలోనూ అతని వెంట ఉన్నదాన్ని నేనొక్కదాన్నే కదా.

ఈ ఏడాది బస్సు యజమాని, "ఒక సీటు ఖాళీగా ఉంది, మీ అమ్మగారిని తీసుకెళ్ళవయ్యా" అన్నాడు. పేర్రాజు ఏదో సాకు చెప్పేలోపు వీరాయమ్మ చీరలు సర్దేసుకుంది. "నాకు కాశీ లేకపోయినా పర్లేదురా. గయలో మీ నాన్న పేరు చూడాల. నాకు సదవడం రాదు గాని, నువ్వు ఏలెట్టి సూపిత్తే సాలు."

అప్పటినుంచి పేర్రాజుకి కాలు ఒకచోట నిలవలేదు. కాలు కాలిన పిల్లిలా బస్సులో ముందుకీ వెనక్కీ తిరిగాడు. ఎప్పుడూ కాశీకి ముందు వచ్చే గయని చివరికి నెట్టాడు. కాశీలో రెండు రోజులు మూడయ్యాయి. సారనాథ్‌లో స్తూపం చుట్టూ అందరినీ రెండుసార్లు తిప్పాడు. ప్రయాగలో పడవ ఎక్కించి, దించి, మళ్ళీ ఎక్కించాడు. నన్ను ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చాడు, రాళ్ళకేసి టకటకా కొట్టాడు. ఎప్పుడూ జనాన్ని తరిమేవాడు ఈసారి ఆపుతుంటే, గున్నేశ్వరరావు గారని, రిటైరైన హెడ్మాస్టరు, ఒకాయన ఊరుకోలేదు. చొక్కా జేబులో మడిచిన కార్యక్రమం కాగితం, చేతికి గడియారం. "అయ్యా గైడు గారూ, కాగితం ప్రకారం మనం నిన్నటికే గయలో ఉండాలి" అని రోజూ ఉదయం కాఫీతో పాటు వినిపించాడు. వీరాయమ్మ మాత్రం ఎక్కడా వెనకబడలేదు. జట్టు మొత్తంలో అందరికంటే ముందు, సరిగ్గా నా కింద నడిచింది. "మావోడి గొడుగు" అని పక్కవాళ్ళకి చూపించింది. పదకొండేళ్ళలో నన్ను చూసి మురిసిపోయిన మనిషి ఆవిడొక్కతే.

అయోధ్యలో టిఫిన్ల దగ్గర పేర్రాజు ఆఖరి ఎత్తు వేశాడు. "గయ దారిలో వంతెన పాడైందట. ఈసారి గయ లేనట్టే."

జనం గోల పెట్టారు. వీరాయమ్మ గోల పెట్టలేదు. చేతిలో ఇడ్లీ ముక్క చేతిలోనే ఉండిపోయింది. కాసేపటికి పళ్ళెం కింద పెట్టి వెళ్ళి బస్సులో కూర్చుంది. గున్నేశ్వరరావు గారు అక్కడ ఆగిన బస్సుల డ్రైవర్లందరినీ వచ్చీరాని హిందీలో అడిగి వచ్చి, "వంతెన శుభ్రంగా ఉందిట" అని ప్రకటించాడు. ఇంక తప్పలేదు.

మర్నాడు పొద్దెక్కేసరికి ఫల్గు మెట్ల మీద ఉన్నాం. కథ చెప్పమని జనం అడిగారు. చెప్పాడు. నది అబద్ధం చెప్పిన దగ్గర దగ్గినట్టు నటించాడు. ఈలోగా పండాగారు ఎర్రగుడ్డ అట్ట వేసిన పొడుగాటి పుస్తకం పట్టుకొచ్చి మెట్టు మీద తెరిచాడు. అందులో మన ఊళ్ళవాళ్ళు రాసుకున్న పేర్లు, తెలుగులోనే.

వీరాయమ్మ చేతులు చీరకి తుడుచుకుని వచ్చి కూర్చుంది. చూపుడువేలు చాపింది. "ఏదిరా?"

పేర్రాజు పుస్తకం వంక చూశాడు, నది వంక చూశాడు. ఎడంచేత్తో తల్లి వేలు పట్టుకుని ఏదో ఒక గీత మీద పెట్టాడు. అది ఎవరిదో పేరు. ఏ ఊరివాడో, ఎవరి తండ్రో. వీరాయమ్మ వేలు ఆ అక్షరాల మీద మెల్లగా జరిపింది, ఆ వేలు కళ్ళకద్దుకుంది. వంగి, పుస్తకంతో గుసగుసగా మాట్లాడింది. "ఏవయ్యా, బాగున్నావా? ఆకలేత్తందా?"

నేను కుట్టు కుట్టుకీ చిరిగిపోతే బాగుండుననిపించింది.

"అమ్మా" అన్నాడు పేర్రాజు. "అది నాన్న పేరు కాదు. నాన్న పేరు ఇందులో లేదు. నేను పెట్టలేదమ్మా."

కాఫీ ఫ్లాస్కు పట్టుకున్న భీమన్న కొయ్యబారిపోయాడు. వీరాయమ్మకి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక లేచి నిలబడింది.

"పదకొండేళ్ళు" అంది. "పదకొండేళ్ళు నేను కడుపు నిండా తిన్నానురా, ఆయన కూడా తిన్నాడు కదా అని!"

చెయ్యి ఎత్తింది. కొడుతుందనుకున్నాం, నేనూ పేర్రాజూ ఇద్దరం. ఆ చెయ్యి నా మీద పడింది. అతని పిడికిట్లోంచి నన్ను ఒక్క గుంజు గుంజింది.

"ఇది నేను పట్టుకుంటాను. నువ్వు దిగు నదిలోకి."

"అమ్మా, బస్సు టైము..."

"దిగరా!"

అందరి కళ్ళూ గున్నేశ్వరరావు గారి మీదికి తిరిగాయి. ఆయన చేతి గడియారం విప్పి జేబులో వేసుకున్నాడు. "ఎక్కడికీ పోం. నిదానంగా కానియ్యి నాయనా" అన్నాడు.

వీరాయమ్మ పొట్టి మనిషి. ముడిచిన నన్ను ఎంత ఎత్తినా జనం తలలు దాటలేదు. అప్పుడావిడ నన్ను విప్పింది. తుప్పు పట్టిన ఊచలు కిర్రున అరిచాయి, ఒకటి పుటుక్కున విరిగింది. విరిగితే విరిగింది. పదకొండేళ్ళ తర్వాత నా కింద నీడ పడింది. ఆ నీడలోకి ముగ్గురు ముసలమ్మలు జరిగి కూర్చున్నారు. వీరాయమ్మ మాత్రం కూర్చోలేదు. రెండు చేతులా నన్ను పట్టుకుని, ఇసకలో చెలమ తవ్వుతున్న కొడుకుని చూస్తూ రెండు గంటలు నిలబడింది. ఒక్కసారైనా నన్ను దించలేదు. నేనూ కదల్లేదు. అంతసేపు విచ్చుకుని ఉండటం నాకు అదే మొదటిసారి.

అక్కణ్ణుంచి అక్షయవటానికి ఆవిడే ముందు నడిచింది, నలభై మందీ ఆవిడ వెనక. చెట్టు కింద పండాగారు అడిగాడు, ఏం వదులుతున్నావని. పేర్రాజు తడి పంచెతో నిలబడి తల్లి వంక చూశాడు.

"కాకరకాయ అనరా" అంది వీరాయమ్మ. కోపం ఇంకా తగ్గలేదు. "నిజంగా పెట్టావు కదా. ఇప్పుడు కాకరకాయ సాలు."

విరిగిన ఊచతో నేను ఉద్యోగానికి పనికిరాలేదు. పేర్రాజుకి ఇప్పుడు వెదురు కర్రకి కట్టిన పచ్చ జెండా ఇచ్చారు. నేను వీరాయమ్మ వంటింట్లో తలుపు వెనక మేకుకి వేలాడుతున్నాను. వడియాలు ఎండబెట్టేటప్పుడు ఆవిడ నన్ను పెరట్లోకి తీసుకెళ్ళి, కుంటి ఊచతోనే విప్పి, తలకి నీడ పట్టుకుంటుంది. ఇంట్లో నిలవలేక మళ్ళీ ఎర్రగుడ్డ ఊపుకుంటూ ఊళ్ళు తిరగాలనిపిస్తుంది ఒక్కోసారి. అలవాటు ఊరికే పోదు.

మొన్న వేసవిలో భీమన్న లేత పనసకాయ తెచ్చి కొట్టి ఇచ్చాడు. వీరాయమ్మ ఆవ నూరి కూర చేసింది. కంచంలో వడ్డించాక పేర్రాజు చెయ్యి అలవాటుగా కూరని పక్కకి నెట్టబోయి ఆగింది.

"తినరా" అంది ఆవిడ.

ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. రెండో ముద్దకి ముక్కూ కళ్ళూ కారడం మొదలైంది. ఎడంచేత్తో తుడుచుకుంటూ తింటూనే ఉన్నాడు.

"ఏరా, ఆవ ఎక్కువైందా?"

"అవునమ్మా, కొంచెం."

ఇది మాత్రం అబద్ధం. ఆవ సరిగ్గానే ఉంది, నేను సాక్షిని. వీరాయమ్మకీ తెలుసు. మరో గరిటె వడ్డించింది.