తోతావ్ అంటే దుంప కాదు

మా అత్త నా కొడుక్కి తోతావ్ సూపు పట్టిస్తుందేమో. నా భయాలన్నిటిలో పెద్దది అదే. వేరుశనగ తగిలితే చాలు, అహాయ్‌కి పెదాలు ఉబ్బి ఊపిరాడదు. అదంతా నాటకమంటుంది అత్త.

చైనా దక్షిణ తీరాన మా చ్వాన్‌జౌలో తోతావ్ అంటే వేరుశనగే. అదే రాతని ఉత్తరాదివాళ్ళు తుదౌ అని చదువుతారు, వాళ్ళకది బంగాళాదుంప. మా తోడికోడలు జింగ్‌లాన్ ఉత్తరాన హార్బిన్ పిల్ల. ఈమధ్యే మా బావగారిని చేసుకుని కాపురానికొచ్చింది. విదేశీయుల కోసం మా హోటలు బోర్డు మీద వంటల పేర్లు ఇంగ్లీషులో రాసింది ఆవిడే. పందికాళ్ళతో, గింజ కరిగేదాకా ఉడికించే మా సూపు అలా బంగాళాదుంప సూపయి కూర్చుంది.

"అక్కా, అది తప్పు, మార్చు," అన్నాను.

"బడి మానేసినదానివి, నాకు ఇంగ్లీషు నేర్పుతావా?"

"తప్పు ఇంగ్లీషులో లేదక్కా, మన మాటలో ఉంది."

"మీ మాటా! అది కుక్కలకే అర్థం కావాలి."

అత్త గరిటె తిప్పుతూనే కసిరింది. "దుంప అంటే తెల్లోళ్ళు ఎగబడి తాగుతున్నారు. నువ్వు నోర్మూసుకో."

నిన్న ఒక విదేశీ తల్లి పాపతో వచ్చింది. పాప చేతికి పసుపు పట్టీ, దానిమీద వేరుశనక్కాయ బొమ్మ, బొమ్మకి అడ్డంగా ఎర్ర గీత. పాప చెంచా ఎత్తింది. నేను గిన్నె లాగేశాను. సూపు బల్లంతా పారింది. డబ్బాలోంచి గుప్పెడు గింజలు తీసి తల్లికి చూపించి, సూపు వైపు వేలెత్తాను. ఆమె మొహం పాలిపోయింది. పాపని చంకనేసుకుని, అత్తని తిడుతూ వెళ్ళిపోయింది.

అత్త నన్ను జుట్టు పట్టి వీధిలోకి ఈడ్చింది.

"నలుగురిలో పరువు తీశావు! పో, మీ అమ్మ దగ్గరికి పో. మనవడు మా వంశం వాడు, ఇక్కడే ఉంటాడు."

"వాడికి ఆ సూపు మాత్రం పెట్టకండత్తయ్యా!"

"ఏం, బోర్డు మీద బంగాళాదుంపేగా రాసుంది? రోజూ ఓ చెంచా పోస్తే అదే అలవాటవుతుంది."

జింగ్‌లాన్ పగలబడి నవ్వింది.

మా ఆయన చేపల పడవ మీద ఉన్నాడు, ఫోను అందదు. ఈ పొద్దున వెళ్తే బావగారు గుమ్మంలోనే అడ్డుపడి తోసేశారు.

మీలో ఎవరైనా మా హోటలున్న పడమటి వీధికి వెళ్తే, సూపు తాగే వంకతోనైనా లోపలికి వెళ్ళండి. నీలం చొక్కా, మూడేళ్ళవాడు, పేరు అహాయ్. పేరు పెట్టి పిలవండి. వాడి పెదాలు ఎలా ఉన్నాయో చూడండి. ఊపిరి సరిగ్గా తీస్తున్నాడో లేదో కాస్త చూడండి.